కుక్కల బంతిలో తిప్పక్క చెయ్యి

మీ తాతల తాతలకు ఇంకా పాలపళ్ళు రాని కాలం. ఈ కొండలకు ఎవరూ పేర్లు పెట్టని కాలం. అప్పుడు కంబళ్ళదిన్నె అని ఒక పల్లె ఉండేది. ఆ ఊళ్ళో మనుషులకంటే గొర్రెలు ఎక్కువ. ఆ గొర్రెల్ని కాచే కుక్కలకు మనుషులకంటే మర్యాద ఎక్కువ. ఆ మర్యాదే కుక్కల కొంప ముంచింది. ఎలాగో చెబుతా వినండి. మధ్యలో ఊఁ కొట్టడం మానకండి. మీరు మానితే నేనూ మానేస్తాను.

ఏడాదికొకసారి గొర్రెల ఉన్ని కత్తిరించే రోజున ఊరంతా ఒకచోట వండుకునేవాళ్ళు. మొదటి బంతి మనుషులది కాదు, కుక్కలది. మోదుగాకుల విస్తళ్ళు వరసగా పరిచి, ఒక్కో విస్తరి ముందు ఒక్కో కుక్కను కూచోబెట్టేవాళ్ళు. తోడేలును తరిమిన కుక్కకే ఆ బంతిలో చోటు. ఊరిపెద్ద గౌడు "ఊఁ" అనేదాకా ఒక్కటి కూడా మూతి దించేది కాదు.

మనుషులు ఏం తింటే కుక్కలకూ అదే పెట్టాలని ఊరి కట్టుబాటు. ఉల్లిగడ్డలు, వెల్లుల్లి దండిగా వేసిన పొట్టేలు కూర. ఎండుద్రాక్ష వేసిన పాయసం. ఉడికిన ఎముకలు. ఇందులో ఒక్కటి తగ్గినా కుక్కను అవమానించినట్టే, దేవుడి వాటా తగ్గించినట్టే. పాపం, ప్రేమతోనే పెట్టేవాళ్ళు. అందుకే వాళ్ళకు చెప్పడం అంత కష్టమైంది.

బంతి లేచాక ఆ విస్తళ్ళు ఎత్తే మనిషి తిప్పక్క. ఆమెకు మొగుడు లేడు, పిల్లలు లేరు, సొంతానికి ఒక్క గొర్రెపిల్ల లేదు. మంద దగ్గర ఊడవడం, అంట్లు తోమడం, కుక్కలకు రోజూ ఇంత సంగటి వెయ్యడం ఆమె పని. మాట కటువు. ఎవరు పిలిచినా "ఏం?" అనేది. కుక్కలతో మాత్రం పొద్దంతా కబుర్లే.

ఒక ఏడు బంతి అయింది. కొన్నాళ్ళకు కరియ అనే నల్లకుక్క చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. ఉచ్చ ఎర్రగా పోసింది. పడుకున్నది మళ్ళీ లేవలేదు. తిప్పక్క గౌడు ముందుకు వెళ్ళి నిలబడింది.

"సామీ, కడమ కుక్కలు ఉల్లిగడ్డలు వొదిలేసినాయి. కరియ ఒక్కటే విస్తరి నాకి పెట్టింది. ఆ కూర మింద నాకు అనుమానంగా ఉంది."

"మంచి కుక్కను దేవుడు పిలుచుకున్యాడు తిప్పీ. ఏడ్సగూడదు. పో" అన్నాడు గౌడు.

ఊరంతా అదే మాట అంది. దేవుడు పిలిచాడు. డప్పులు కొట్టి, కరియను పూలతో పూడ్చిపెట్టారు.

మరుసటి ఏడు మల్లి అనే తెల్లకుక్క వంతు. అది పాయసంలో ద్రాక్షలు ఏరుకుని తినింది. ఆ సాయంత్రమే కక్కడం మొదలుపెట్టింది. తర్వాత ఉచ్చ బందయింది. కళ్ళు తెరవని పిల్ల ఒకటి దాని పొట్ట కింద పాలకోసం వెతుకుతుండగా మల్లి చచ్చిపోయింది. తిప్పక్క మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ "సామీ" అంది. గౌడు మళ్ళీ దేవుడు పిలిచాడన్నాడు. మళ్ళీ డప్పులు, మళ్ళీ పూలు.

మూడో ఏడు బొల్లోడు అనే మచ్చలకుక్క వంతు. ఉడికిన ఎముక పుల్లలా విరిగి వాడి కడుపులో గుచ్చుకుంది. మూడు రోజులు మూలిగి పోయాడు. ఈసారి తిప్పక్క "సామీ" అనలేదు.

"గౌడా, దేవుడు పిలిసింది ల్యా. మనమే పంపించినాం" అంది.

"నోరు కడుక్కో" అన్నాడు గౌడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. విస్తళ్ళు ఎత్తే మనిషి దేవుడి సంగతి మాట్లాడితే నవ్వు రాదా మరి? నాకైతే వాళ్ళమీద ఇప్పటికీ కోపమే.

మల్లి పొట్ట కింద వెతుక్కున్న పిల్ల ఉంది చూశారూ, దాన్ని తిప్పక్క మేకపాలు పోసి, కొంగులో చుట్టుకుని పెంచింది. జాజి అని పేరు పెట్టింది. జాజి పెద్దదైంది. ఒకనాడు మందమీద పడ్డ తోడేలును కొండ దాటేదాకా తరిమింది. చెవి చిరిగిపోయినా వెనక్కి తిరగలేదు.

"ఈ ఏడు బంతిలో మొదటి విస్తరి జాజిది" అని గౌడు చాటించాడు. దారిలో కనిపించినవాళ్ళంతా తిప్పక్కను మెచ్చుకున్నారు. "నీ బిడ్డకు పెండ్లి కుదిరినట్లుందే!" అన్నారు. తిప్పక్క గుడిసెలోకి వెళ్ళి తలుపు వేసుకుని జాజిని పట్టుకుని ఏడ్చింది. ఏడవడం అయ్యాక మొహం కడుక్కుంది. ఇక ఏడవలేదు.

ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. విస్తళ్ళు పరిచారు. జాజి మొదటి విస్తరి ముందు బుద్ధిగా కూచుంది. వడ్డించేవాడు కూరగంటె ఎత్తాడు. తిప్పక్క వచ్చి, జాజి పక్కన గొంతుకూర్చుని, విస్తరి మీద అరచెయ్యి పరిచింది.

"చెయ్యి తియ్ తిప్పీ" అన్నాడు గౌడు.

"తియ్యను."

"అది దేవుని వాటా."

"దేవునికి గావాలంటే దేవుణ్ణే వచ్చి అడగమను. నీ గంటెతో అడగొద్దు."

వడ్డించేవాడు భయపడి వెనక్కి తగ్గాడు. గౌడు గంటె లాక్కున్నాడు. పొయ్యి మీది కూర ముంచి, ఆమె చెయ్యి మీదే పోశాడు. చర్మం బొబ్బలెక్కింది. తిప్పక్క చెయ్యి తియ్యలేదు. రెండో చేత్తో ఆ ముక్కలు, ఆ ఉల్లిగడ్డలు తీసుకుని తనే తినింది.

"బాగుంది గౌడా. మనిషికి బాగుంది" అంది.

గౌడు పాయసం పోశాడు. చెయ్యి తియ్యలేదు. ద్రాక్షలు ఏరి తినింది. "తియ్యగుంది. మనిషికి తియ్యగుంది" అంది.

గౌడు ఎముక వేశాడు. చెయ్యి తియ్యలేదు. ఎముక చీకి పక్కకు ఊసింది. "మనిషికి ఊసేసే బుద్ధి ఉంది. కుక్కకు ల్యా" అంది.

గౌడు కోపంతో జాజి వైపు తిరిగి "ఊఁ" అన్నాడు. ఈలోగా మిగతా విస్తళ్ళలో వడ్డన అయిపోయింది, ఆ కుక్కలన్నీ మూతులు దించాయి. జాజి తిప్పక్క మొహం చూసింది. తిప్పక్క ఊఁ అనలేదు. జాజి కదల్లేదు.

"దేవునికి కోపమొస్తే ఊరు నాశనమైపోతాది! పో! ఊరి నీళ్ళు నీకు ల్యా, ఊరి నిప్పు నీకు ల్యా!" అని అరిచాడు గౌడు.

తిప్పక్క లేచింది. "నీళ్ళు కొండలో ఉంటాయి. నిప్పు రాయిలో ఉంటాది. కుక్క నా ఎనకుంటాది. ఇంగ నీతో నాకేం పని?" అని, కాలిన చెయ్యి గుండెకు ఆనించుకుని నడిచిపోయింది.

కొండమీద పెద్ద రాతిగుండు చాటున కాపురం పెట్టింది. ఊరు దేవుడి కోపం కోసం ఎదురుచూసింది. వాన ఆలస్యమైతే తిప్పక్క వల్లే. గొర్రె కుంటితే తిప్పక్క వల్లే. ఎవరింట్లో సంగటి అడుగంటినా తిప్పక్క వల్లే. ఇదిలా ఉండగా, ఆ ఏటి బంతిలో తిన్న కుక్కల్లో గౌడు భార్య ఈరక్క ముద్దుగా పెంచుకున్నది చచ్చిపోయింది. డప్పులు మోగాయి. ఈరక్క ఆ డప్పులు వినలేక చెవులు మూసుకుంది.

ఒకనాడు ఈరక్క కట్టెలకని చెప్పి కొండెక్కింది. జాజి ఎదురొచ్చి మొరిగింది.

"ఇది ఇంగా బతికే ఉందా?" అంది ఈరక్క.

"కండ్లు ల్యావా? చూడు" అంది తిప్పక్క.

"ఏం పెడతావు దీనికి?"

"సంగటి. నీళ్ళమజ్జిగ. ఎప్పుడన్నా ఉడికిన మాంసం దొరికితే ఎముక తీసేసి ఇంత."

"మన కూర ఎందుకు పడదు వీటికి?"

"ఎందుకో నాకేం తెలుసు? ఏది చెడ్డదో గూడా సరిగ్గా తెలీదు. తిన్నవి సచ్చినాయి. తిననిది మొరుగుతాంది. నాకు అది చాలు."

నిజమే, ఆమెకు అన్నీ తెలియవు. గుమ్మడికాయ కూడా కుక్కకు విషమని ఆమె నమ్మకం. ఆ దిన్నె మీద ఈనాటికీ కుక్కకు గుమ్మడికాయ పెట్టరు. గుమ్మడికాయ ఏం పాపం చేసిందో మరి.

మళ్ళీ ఉన్ని కత్తిరించే రోజు వచ్చింది. విస్తళ్ళు పరిచారు. కుక్కలు కూచున్నాయి. ఎవరూ పిలవకుండానే తిప్పక్క కొండ దిగి వచ్చింది. వెనక జాజి, చిరిగిన చెవితో, నిగనిగలాడుతూ. ఆమె కాలిన చేతి వేళ్ళు వంకరపోయి ఉన్నాయి. అందరూ జాజిని చూశారు. ఆ చేతిని చూశారు.

గౌడు పట్టుదలగా తనే గంటె ముంచాడు. మొదటి విస్తరి ముందు ఈరక్క కొత్తగా పెంచుతున్న కుక్క ఉంది. గంటె వంచబోయేసరికి విస్తరి మీద ఒక చెయ్యి పడింది. అది తిప్పక్క చెయ్యి కాదు, ఈరక్కది.

"నువ్వు గూడానా?" అన్నాడు గౌడు.

"కూర పొయ్. రేపట్నుంచి నీకు సంగటి కెలికేది ఈ చెయ్యే. బాగా చూసి పొయ్" అంది ఈరక్క.

గౌడు రెండో విస్తరి దగ్గరికి వెళ్ళాడు. అక్కడా ఒక చెయ్యి. మూడో విస్తరి మీదా చెయ్యే. ముసలి చేతులు, గాజుల చేతులు, ఉన్ని కత్తిరించి కాయలు కాచిన చేతులు. పోయడానికి ఆ వరసలో చోటు లేకపోయింది. గంటెలో కూర చల్లారింది. "దేవుడు మనసు మార్చుకున్నట్లుంది" అని గొణిగి గంటె కింద పెట్టాడు గౌడు. చూశారా, చివరికి అది కూడా దేవుడి మీదకే తోశాడు!

తిప్పక్క ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. మాట కటువు తగ్గలేదు, వేళ్ళు చక్కబడలేదు. ఆమె పోయిన రోజున ఊరంతా డప్పులు తెచ్చింది. ఈరక్క ముసలిదైపోయి కూడా కర్ర పట్టుకుని అడ్డం వచ్చింది. "దేవుడు పిలిసినాడని ఒక్కరన్నా అంటే ఊరుకోను. ముసలిదయ్యి పోయింది, అంతే. ఆమెకు అట్ల చెప్తేనే ఇష్టం" అంది.

ఇప్పటికీ ఆ దిన్నె మీద కూరలో ఉల్లిగడ్డ వెయ్యకముందే, ఎముక లేని మెత్తని ముక్క తీసి కుక్కకు పక్కన పెడతారు. దాన్ని తిప్పక్క వాటా అంటారు. తెలియని చుట్టం ఎవరైనా తన విస్తట్లోది కుక్కకు విసరబోతే, ఆ ఇంట్లో ఎంత చిన్నవాళ్ళైనా చెయ్యి అడ్డం పెడతారు. కొత్తల్లుడని చూడరు, ఊరిపెద్దని చూడరు. "తిప్పక్క చెయ్యి!" అంటారు. చుట్టానికి కోపం వస్తే రానిస్తారు. చెయ్యి మాత్రం తియ్యరు.

నా కథ ఇంతే. లేవండి, అన్నాలకు వేళైంది. ముందు వాకిట్లో కుక్కకు పెట్టి రండి. ఏం పెడుతున్నారో నేనొచ్చి చూస్తాను.