తుఫాను షెల్టర్ గోడ మీది బొమ్మ

పొద్దున్నే నూకరాజు పరదా తీశాడు, పేట పేటంతా హడలిపోయింది. అప్పటి నుంచీ వాడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

సముద్రం ఒడ్డున నూటముప్పై గడపల జాలరిపేట అది. పదేళ్ళలో రెండు వరసల ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఎత్తితే గంగమ్మ వింటుందని భయం. నూకరాజు అక్కడే పుట్టి, పట్నంలో వరహాలు మాస్టారి దగ్గర నాలుగేళ్ళు బొమ్మలు నేర్చుకున్నాడు. సెలవులకి వచ్చి, తుఫాను షెల్టర్ గోడకి పరదా కట్టి, నెల రోజులు దాని వెనక కూర్చుని, ఇరవై ఏళ్ళ తర్వాత తమ పేట ఎలా ఉంటుందో గీశాడు. కప్పులు దాటిన నీళ్ళు. కొబ్బరి మొవ్వలకి కట్టిన పడవలు. రేషన్ షాపు బోర్డు మీద పీతలు.

చూసిన పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఆడవాళ్ళు దుమ్మెత్తి పోశారు. అందరికన్నా ముందు వాడి మేనత్త పోలమ్మ. ఆవిడ ఇల్లు ఇప్పుడు మొదటి వరసలో ఉంది మరి.

"ఏటిరా ఈ అపశకునం? మా కొంపలు ముంచడానికి సదివించారేటిరా నిన్ను? మీ మావోళ్ళు సేపల ఏట నుంచి వచ్చేలోపల సున్నం కొట్టెయ్. లేపోతే నీ సేతులు ఇరగ్గొడతారు, నేను అడ్డు రాను!"

వట్టి బెదిరింపు కాదు. పోలమ్మ మొగుడు దానయ్య మావ చెయ్యి ఎలాంటిదో నూకరాజుకి బాగా తెలుసు. మాస్టారికి ఫోన్ చేశాడు. ఆయన దొరికిన బస్సెక్కి మధ్యాహ్నానికల్లా వచ్చేశారు.

వచ్చి గోడ ముందు నిలబడ్డారు. చుట్టూ జనం పోగయ్యారు. రేవులో తిరిగొస్తున్న పడవల ఇంజన్ల చప్పుడు మొదలైంది.

"తప్పు గీశానా మాస్టారూ?"

"లేదు. నిజమే గీశావు."

"మరి చెరిపెయ్యనా?"

మాస్టారు వంగారు. కింద పడున్న బొగ్గుముక్క తీసుకున్నారు. ఎక్కడో దిద్దుతారనుకున్నాడు వాడు. ఆయన నేరుగా పోలమ్మ దగ్గరికెళ్ళి బొగ్గు ఇవ్వబోయారు.

"అమ్మా, ఇందులో మీరెక్కడున్నారు?"

"నేనా? ములిగిపోనాను కదా, కనబడ్డంలేదేటి!" అని అరిచింది. అరిచి గోడకేసి చూసింది. గోడ మొత్తం మీద ఒక్క మనిషీ లేడు. ఆవిడ గొంతు సన్నబడిపోయింది. "నిజంగా వచ్చెత్తాదేటి బాబూ నీరు?"

ఆ మాట పేటలో ఎవరూ పైకి అనగా నూకరాజు ఎన్నడూ వినలేదు.

"వస్తుందమ్మా," అన్నారు మాస్టారు. "వచ్చిన రోజు సాయంత్రం పొయ్యి ఎక్కడ వెలిగిస్తారు?"

పోలమ్మ బొగ్గు పుచ్చుకుంది. గోడ పై అంచున, సరుగుడు తోట దాటాక ఉన్న మెట్ట మీద, మూడు సున్నాలు చుట్టింది. పొయ్యిరాళ్ళు.

"అక్కడ మంచినీళ్ళెక్కడివే, పిచ్చిమొహమా!" అంది పక్కింటామె.

"బోరు ఏయించుకోమేటి?"

"మరి పడవల సంగతేటి? అంత దూరం ఎవుడు లాగుతాడు?" ఈ గొంతు దానయ్యది. చేతులు విరగ్గొట్టడానికి వచ్చిన మనిషి, పెళ్ళాం చేతిలోంచి బొగ్గు లాక్కుని మెట్టకి దారి గీస్తున్నాడు. "అటు కాదే, ఇటు తియ్యాల!"

కాసేపటికి గోడంతా వంకరటింకర గీతలు. కెరటాలు సగం వాటి కింద పడిపోయాయి. నూకరాజుకి ఒళ్ళు మండింది కూడా, దాచడమెందుకు. నెల రోజుల కష్టం!

పోలమ్మ వాడివైపు తిరిగి బొగ్గు చేతిలో పెట్టింది. "ఒరే రాజూ, మీ అమ్మనీ నిన్నూ ఎక్కడ ఏత్తావురా?"

వాడు గోడకేసి చూశాడు. వాళ్ళ ఇల్లు పోలమ్మ ఇంటి వెనకాలే. దాని కప్పు మీద నీళ్ళు తనే గీశాడు. మెరుపు కోసం తెల్లరంగు చుక్కలు రెండు పెట్టి మురిసిపోయాడు కూడా. ఆ ఇంట్లో అమ్మ ఇప్పుడు అన్నం వండుతోంది. బొగ్గు గోడకి ఆనించాడు గాని గీత పడలేదు.

"మాస్టారూ, చెయ్యి వణుకుతోంది."

"ఈ నెల రోజులూ వణకలేదు కదా," అన్నారు మాస్టారు. "ఇప్పుడు గీయి."