గోడకెదురు కుర్చీ

అప్పలకొండ నోరు విప్పడం లేదు. ప్రమోదినికి ఏడుపొక్కటే తక్కువ.

యూనివర్సిటీలో ఆమె మనస్తత్వశాస్త్రమూ నేరశాస్త్రమూ కలిపి చదువుతోంది. ఒకటి మనిషి లోపలికి దారి చూపిస్తుంది, రెండోది నేరం దాకా తీసుకెళుతుంది, ఇక తనకు అడ్డేముందని మొదట్లో మహా ధీమాగా ఉండేది. చదువులో భాగంగా ఖైదీలతో మాట్లాడడానికి జైల్లో అడుగుపెట్టి నెల తిరక్కుండానే ఆ ధీమా కాస్తా ఆవిరైపోయింది. అన్నను కొట్టి చంపి శిక్ష అనుభవిస్తున్న అప్పలకొండ, ఆమె ఏమడిగినా తల వంచుకుని కూర్చుంటాడు, అంతే.

ఉత్త చదువు కోసమే అయితే మరో ఖైదీని చూసుకునేది. కానీ అతన్ని ముందుగా విడుదల చేయాలా వద్దా అని జైలువాళ్లు ఆలోచిస్తున్నారు, ఆమె నివేదిక కూడా చూస్తామన్నారు. "సహకరించడు. పశ్చాత్తాపం కనబడదు" అని రాసి, మనసొప్పక, యూనివర్సిటీలో తనకు పాఠాలు చెప్పే దైవాదీనం మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లింది. తను నేర్చుకున్న రెండు శాస్త్రాలూ ఈ ఒక్క మనిషి దగ్గర పనికిరావడం లేదని చెప్పుకుంది.

ఆయన కాగితం చదవలేదు. రేపు తానూ వస్తానన్నారు.

మర్నాడు ఖైదీని తీసుకురాకముందే ఆయన గదిలోకి వెళ్లి, గోడకెదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు.

"సార్, అది ఖైదీ కుర్చీ" అన్నాడు వార్డరు.

"అలాగా" అన్నారే గానీ ఆయన లేవలేదు. ప్రమోదినిని పక్కన స్టూలు మీద కూర్చోమన్నారు.

అటువైపు నుంచి ఆ గదిని ఆమె ఎన్నడూ చూడలేదు. ఎదురుగా పెచ్చులూడిన గోడ. కాసేపు దాన్నే చూసింది. తన తల వంగిపోయి ఉందని ఆమెకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

అప్పలకొండ వచ్చి, తన కుర్చీ ఖాళీ లేకపోయేసరికి తడబడ్డాడు. మాస్టారు రెండో కుర్చీ చూపించారు. రోజూ ప్రమోదిని కూర్చునేది అందులోనే, కిటికీకి ఎదురుగా.

అతను బెరుగ్గా కూర్చున్నాడు. కిటికీ అవతల జైలు తోట, దాని చివర కాయలతో ఎర్రబడ్డ సీమచింత చెట్టు. మాస్టారు ఏమీ అడగలేదు. ఆయనే అడగనప్పుడు తనకెందుకని ప్రమోదినీ ప్రశ్నల కాగితం బయటికి తీయలేదు. అతను మాత్రం ఆ చెట్టునే చూస్తున్నాడు.

చాలాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"సీమసింతకాయలంటే మా పాపకి పేనం. ఆ దినం దానికోసమే సెట్టెక్కినాను. మా అన్న కిందనుంచి తిట్టినాడు. దిగిపోనాను."

కళ్లు తుడుచుకున్నాడు.

"దిగకపోతే బాగుణ్ణు."

ఆ మధ్యాహ్నమంతా అతను చెబుతూనే ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు ఏడ్చాడు. ప్రమోదిని తెచ్చుకున్న ప్రశ్నలు సంచిలోనే ఉండిపోయాయి.

తిరుగు బస్సులో ఆమె తను రాసిన ముక్కలు కొట్టేసింది. ఎన్నాళ్లకో ప్రాణం తేలికపడింది. ఊరు దగ్గర పడుతుండగా ఉండబట్టలేక అడిగింది.

"ఆ గోడ సంగతి మీకు ముందే తెలుసా సార్?"

"లేదమ్మా. కూర్చున్నాక తెలిసింది" అన్నారు మాస్టారు.