ఊరందరి చెవులకీ ఒకే గిన్నె నూనె

ఒకానొక కాలంలో గంధవరం అని ఓ చిన్న రాజ్యం ఉండేదిలెండి. దాని రాజు రణకేసరి. మనిషి చెడ్డవాడేం కాదు గానీ, తనలో ఏ లోపమూ ఉండదని ఆయనకి గట్టి నమ్మకం. పొద్దస్తమానం బంగారు పుల్లతో చెవులు కెలుక్కోవడం ఆయన అలవాటు. దాంతో గులిమి బయటికి రావడం అటుంచి, ఇంకా లోపలికి పోయి గట్టిపడి కూర్చుంది.

ఆ కోటలో తెల్లవారుజామున రాజుని సన్నాయి ఊది మేలుకొలపడం ఆచారం. తాతల నాటినుంచీ ఆ పని కోటిలింగం ఇంటివాళ్లదే. ఒకరోజు రాజు బారెడు పొద్దెక్కాక లేచి, సన్నాయి వినబడలేదేమని మండిపడ్డాడు. మర్నాడూ అంతే. కోటిలింగం పాపం బుగ్గలు పగిలేలా ఊదుతూనే ఉన్నాడు. పదో రోజున రాజు, వీడు పని ఎగ్గొట్టి నిద్రపోతున్నాడని తేల్చేసి, పౌర్ణమినాటికి పెళ్లాంతో సహా ఊరు విడిచి పొమ్మన్నాడు. తమరి చెవి ఓసారి చూస్తానన్న వైద్యుణ్ణి కూడా వెళ్లగొట్టాడు. ఇక నోరు మెదిపేదెవరు?

పౌర్ణమి నాలుగు రోజులుందనగా కోటిలింగం కళ్లనీళ్లు పెట్టుకుని ముకుందయ్య ఇంటికెళ్లాడు. ఆస్థానంలో మాటకారిగా ముకుందయ్యకి పేరు. ఆయన అంతా విని, "మీ ఇంట్లో చెవులు ఇలా మూసుకుపోతే ఏం చేస్తారోయ్?" అని అడిగాడు.

నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మూడు రోజులు నాలుగేసి చుక్కలు వేస్తామనీ, గులిమి మెత్తబడ్డాక గోరువెచ్చని నీళ్లతో కడుగుతామనీ, పుల్ల మాత్రం ముట్టమనీ చెప్పాడు కోటిలింగం. అయితే రేపు ఓ గిన్నె నూనె పట్టుకుని సభకి రమ్మన్నాడు ముకుందయ్య. సాయంత్రమే సభికుల ఇళ్లన్నీ తిరిగొచ్చాడు.

మర్నాడు సభలో రాజు ఏం మాట్లాడినా, మంత్రి మొదలు భటుడి దాకా అందరూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వినబడనట్టు మొహాలు పెట్టారు. రాజు కేకలేశాడు. అయినా అంతే. అప్పుడు ముకుందయ్య రాజు చెవి దగ్గరికెళ్లి గొంతు చించుకున్నాడు.

"ప్రభూ, ఊళ్లో అందరి చెవులూ గులిమితో మూసుకుపోయాయి. కోటిలింగం ఊదుతున్నాడో లేదో చెప్పగల చెవి ఒక్కటీ లేదు."

చెవిటివాళ్లు ఇలాగే అరుస్తారు, ఇతనికీ వినబడటంలేదు కాబోలని రాజు జాలిపడ్డాడు. అందరి చెవుల్లోనూ నూనె వెయ్యమని ఆజ్ఞ ఇచ్చాడు. జనం భయపడుతున్నారనీ, ఏలినవారు ముందు వేయించుకుని చూపిస్తే ధైర్యంగా వస్తారనీ ముకుందయ్య మళ్లీ అరిచాడు. భయం మాట వచ్చేసరికి రాజు మీసం దువ్వి, తల పక్కకి వాల్చాడు. కోటిలింగం రెండు చెవుల్లోనూ నాలుగేసి చుక్కలు వేశాడు.

మూడు రోజులూ అలాగే జరిగింది. కోటిలింగం భార్య అక్కడ ఇంట్లో మూట కట్టేసింది. పౌర్ణమినాడు పొద్దున కోటిలింగం గోరువెచ్చని నీళ్లతో కడిగేసరికి, చింతగింజంతేసి ముద్దలు రెండు పళ్లెంలో పడ్డాయి. అతను చెయ్యి తుడుచుకోకుండానే సన్నాయి అందుకుని, రోజూ ఊదే మేలుకొలుపే ఎత్తుకున్నాడు.

రాజు ఉలిక్కిపడ్డాడు. తర్వాత కళ్లు మూసుకుని పాటంతా విన్నాడు. విన్నాక పళ్లెంలోకి చాలాసేపు చూశాడు.

"గిన్నెలో నూనె ఇంకా సగం ఉంది," అన్నాడు మెల్లగా. "తక్కినవాళ్ల వంతు ఎప్పుడు?"

"ఇక అక్కర్లేదు ప్రభూ," అన్నాడు ముకుందయ్య, ఈసారి మామూలు గొంతుతోనే. "తమరి చెవులు తెరుచుకోగానే ఊరందరికీ నయమైపోయింది."

రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. కోటిలింగాన్ని దగ్గరికి పిలిచి, ఇన్నాళ్లూ నీ పాట పోగొట్టుకున్నాను, తప్పు నాదేనయ్యా అన్నాడు. వైద్యుణ్ణి వెనక్కి రప్పించాడు. ముకుందయ్యకి శాలువా కప్పాడు. తన బంగారు పుల్ల కరిగించి కోటిలింగం సన్నాయి అంచుకి కట్టు వేయించాడు.

కోటిలింగం కాళ్ల మీద పడబోతే, నూనె మీ ఇంటిదేగా, నాదేముందంటూ ముకుందయ్య లేవదీశాడు. కోటిలింగం ఊరుకుంటాడా? మర్నాటినుంచీ కోటలో మేలుకొలుపు కాగానే, ముకుందయ్య వాకిట్లో ఆగి ఒక పాట ఊది గానీ ఇంటికి వెళ్లేవాడు కాదు. అది ఊదమని చెప్పినవాళ్లు లేరు, బతికున్నన్నాళ్లూ అతను మాననూ లేదు.