గంతలు కట్టిన చెయ్యి

నువ్వుచేలకీ అడవికీ మధ్య నక్క గవర్రాజు నూనె గానుగ ఉండేది. సింహాద్రి అనే ముసలి ఎద్దు పదకొండేళ్లుగా కళ్లకి గంతలతో ఆ గానుగ చుట్టూ తిరుగుతున్నాడు. పైడమ్మ అనే గాడిద నువ్వుల బస్తాలు మోసేది. గవర్రాజు మాత్రం పొరపాటున కూడా వాళ్లని పనివాళ్లనడు. ఎద్దుని "బావా" అంటాడు, గాడిదని "చెల్లెమ్మా" అంటాడు. ఎవరైనా ఓ పూట సెలవడిగితే చెవులు మూసుకుంటాడు.

"మనది కుటుంబం చెల్లెమ్మా! కుటుంబంలో సెలవులేమిటి, వినడానికే అసహ్యంగా!"

ఆ మాట విన్నప్పుడల్లా పైడమ్మకి అరికాలి మంట నెత్తికెక్కేది. "ఏ కుటుంబంలో మామా, ఒకడు ఎండలో గిరగిర తిరుగుతుంటే ఇంకొకడు పందిట్లో కాళ్లు చాపుకుని చెవి గోక్కుంటాడు?" అని సింహాద్రిని నిలదీసేది.

"పోనీలేవే పైడమ్మా" అనేవాడు సింహాద్రి.

ఆ 'పోనీలే' ఆమె పాలిట చెవిలో జోరీగ.

ఓ రోజు గానుగ మాను విరిగి సింహాద్రి కాలి మీద పడింది. గిట్ట నిలువునా పగిలింది. మాను పుచ్చిపోయింది, మార్చమని పైడమ్మ మూడు నెలలుగా మొత్తుకుంటూనే ఉంది. గవర్రాజు పరుగున వచ్చి ముందు మానుని తడిమి "అయ్యయ్యో!" అన్నాడు. ఆ తర్వాత ఎద్దుని చూశాడు.

"బావా, ఇక నువ్వు పోయి విశ్రాంతి తీసుకో. రేపట్నుంచి గానుగకి చెల్లెమ్మ ఉందిగా."

"మరి వైద్యం? మేత?" అంది పైడమ్మ.

"పనిలో దెబ్బ తగిలితే యజమాని చూడాలంటారు, నిజమే. కానీ ఈయన పనివాడు కాదే, చుట్టం! ఇదుగో కాగితం."

"నేను పనివాణ్ణి కాను. చుట్టాన్ని. నా ఇష్టమైనప్పుడు వస్తాను, ఇష్టమైనప్పుడు పోతాను" అని ఉంది అందులో. కింద సింహాద్రి గిట్ట ముద్ర.

"ఇదెప్పుడేశావు మామా?"

"ఏమోనే. గంతలున్నాయి కదా. కాలెత్తమన్నాడు, ఎత్తాను. దించమన్నాడు, దించాను."

"ఏమిటని అడగలేదా?"

"బావ కదా, అడిగితే ఏమనుకుంటాడోనని..."

పైడమ్మ తల బస్తాకేసి కొట్టుకుంది. "అడగనిదే అమ్మైనా పెట్టదే! నక్క పెడుతుందా?"

వెంటనే కబురు పంపింది. అడవిలో కూలీల తగవులు తీర్చే అధికారి ఏనుగు నరసమ్మ మర్నాడు పొద్దున్నే వచ్చింది. అప్పటికే కొత్త మాను బిగించి, పైడమ్మ కళ్లకి గంతలు కట్టి, గానుగకి పూన్చేశాడు గవర్రాజు. మధ్యాహ్నంకల్లా ఎలుగుబంటి ఇంటి పెళ్లికి నూనె అందాలి.

చీకట్లో తిరుగుతూనే పైడమ్మ చెవులు రిక్కించింది.

"కాగితంలో ఏం రాసినా నాకొకటే, గవర్రాజూ" అంటోంది నరసమ్మ. "ఎప్పుడు రావాలో, ఎప్పుడు పోవాలో, ఎలా చెయ్యాలో చెప్పేదెవరు? చెయ్యకపోతే దండించేదెవరు? అదే నేను చూసేది. అది నువ్వే అయితే వీళ్లు నీ పనివాళ్లు. ఆ గిట్ట బాధ్యత నీది."

"శివశివా! నేనొక్క మాటైనా చెప్పనమ్మగారూ. అంతా వాళ్ల ఇష్టం. కావాలంటే బావనే అడగండి."

"చెప్పు సింహాద్రీ."

చెప్పు మామా, ఈ ఒక్కసారి నోరు తెరువు, అని పళ్లు కొరుక్కుంది పైడమ్మ.

"పోనీలెండమ్మగారూ" అన్నాడు సింహాద్రి. "బావ మంచోడే."

ఓరి దేవుడా! గిట్ట పగిలి కూర్చుని వీడికి ఇంకా మొహమాటం! పైడమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఎద్దు నోరు పెగలదని తేలిపోయింది. ఇక పెగలాల్సింది నక్క నోరే.

ఆమె టక్కున ఆగింది.

"ఏం చెల్లెమ్మా, ఆగావేం?"

"ఇష్టం లేదన్నయ్యా. పోతున్నాను. చుట్టాన్ని కదా, గంతలు విప్పు."

"నూనె సగంలో ఉంది తల్లీ! పెళ్లివారి నూనె!"

"పెళ్లికి నువ్వే తిరుగు. నువ్వూ కుటుంబమేగా."

గవర్రాజుకి తల తిరిగిపోయింది. ఏనుగున్న సంగతే మరిచాడు. "ఎవర్నడిగి పోతావే గాడిదా? పొద్దు పొడవగానే రమ్మనేది నేను! పొద్దు గూకితే పొమ్మనేది నేను! నిమిషం ఆలస్యమైతే మేత కోసేది నేను! ఆ గంతలు కట్టేదీ నేనే, విప్పేదీ నేనే! కదులు!"

తొండమొకటి వచ్చి పైడమ్మ గంతలు మెల్లగా లాగేసింది. వెలుగులో ఆమెకి ముందుగా కనిపించింది, తెరిచిన నోరు ముయ్యడం మరిచిపోయిన గవర్రాజు.

"చాలు నాయనా. అడగాల్సినవన్నీ నువ్వే చెప్పావు" అంది నరసమ్మ.

గిట్ట మానేదాకా వైద్యం గవర్రాజుదే. పని చేసినా చెయ్యకపోయినా రోజూ మేత మోపు సింహాద్రి పాకకి తనే మోసుకెళ్లాలి. మానాక పని మళ్లీ సింహాద్రిదే.

మొదటి రోజు నక్క మోపుతో రొప్పుతూ వస్తుంటే సింహాద్రి మెడ చాపి చూశాడు. "పాపం, బావకి నడుం విరుగుతోందే పైడమ్మా. సగం నేను పట్టనా?"

"నోర్ముయ్ మామా!" అంది పైడమ్మ.

నీతి: పిలుపులో చుట్టరికం చూసి మురిసిపోకు, గంతలు కట్టే చెయ్యి ఎవరిదో చూడు, బాధ్యతా ఆ చేతిదే.