ఆకు లేని విందు

పూర్వం కుంభగిరి అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. పంట పోయిన ఏడు శిస్తు వదిలేసేవాడు, యుద్ధమంటే ముందు వరసలో నిలబడేవాడు. కాకపోతే బంగారం పిచ్చి. నీళ్ళు తాగే చెంబు బంగారం, తల దువ్వుకునే దువ్వెన బంగారం, చివరికి పెంపుడు చిలక కాలి గొలుసు కూడా బంగారమే. మెరవని వస్తువు ఆయన కంటికి ఆనేది కాదు.

ఏటా ఆయన పుట్టినరోజున కోటలో పెద్ద విందు జరిగేది. పిలుపు అందినవాళ్ళంతా కానుకతో రావాలి. కానుక విలువను బట్టే పంక్తిలో చోటు. బరువైన హారం తెచ్చినవాడికి రాజుగారి పక్కన పీట. వెండి తెచ్చినవాడికి నడుమన. అదీ తేలేనివాడికి గుమ్మం దగ్గర. ఈ పద్ధతి పెట్టింది కోశాధికారి పుండరీకుడు. వచ్చిన కానుకను అరచేతిలో ఎగరేసి చూసి, ఎవరి పీట ఎక్కడో చెప్పేదీ ఆయనే.

ఆ కొలువులో ఏకామ్రయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయనకు ఫలానా పని అంటూ లేదు. సభలో మాట బిగుసుకున్నప్పుడు ఒక చమత్కారం విసిరి సడలించడమే ఉద్యోగం. ఇల్లు చిన్నది. ఇంటి వెనక పెరడు మాత్రం భార్య కామసాని చేతి చలవ వల్ల ఏ కాలంలో చూసినా పచ్చగా ఉండేది.

ప్రతి ఏడూ ఏకామ్రయ్య ఒక పద్యం చదివి, గుమ్మం దగ్గర కూర్చుని, కడుపునిండా తిని వచ్చేవాడు. అందులో ఆయనకు చిన్నతనమేమీ తోచేది కాదు. గుమ్మం దగ్గర గాలి బాగా వస్తుంది. ఈ ఏడే చిక్కు వచ్చిపడింది.

పుట్టినరోజు దగ్గరపడుతుండగా రాజు నిండు సభలో అన్నాడు:

"ఏకామ్రయ్యా, నీ పద్యాలు వినీ వినీ విసుగొచ్చింది. ఈసారి చేత్తో పట్టుకునేదేదైనా తీసుకురా. అది నా ఖజానాలో లేనిదై ఉండాలి. తేలేకపోతే మర్నాటి నుంచి కొలువుకు రానక్కర్లేదు."

పుండరీకుడు మీసం దువ్వుకున్నాడు. "ఖజానాలో లేనిదంటే దరిద్రం ఒక్కటే ప్రభూ. అది ఆయన ఇంట్లో కావలసినంత ఉంటుంది."

సభంతా నవ్వింది. ఏకామ్రయ్య కూడా నవ్వి, "ఉంది కోశాధికారిగారూ, కానీ అంతా తేవాలంటే బళ్ళు కట్టించాలి" అన్నాడు.

ఇంటికి నడిచే దారిలో ఆ నవ్వు నిలవలేదు. ఈ వయసులో కొలువు పోతే వేరే ఊరు పోవాలి, వేరే రాజు గుమ్మం ముందు నిలబడాలి.

కామసాని చేటలో మెంతికూర తుంచుతూ సంగతంతా విన్నది.

"మనవాళ్ళెవరైనా భోజనానికి పిలిస్తే ఏం పట్టుకెళ్తామండీ?" అని అడిగింది.

"పెరట్లో ఏముంటే అది. నువ్వేదో ఒకటి చేసిస్తావుగా."

"రాజుగారిల్లు మాత్రం ఇల్లు కాదా? అలాంటివి ఆయన ఖజానాలో ఉండవు. నేను పూచీ."

ఆ మాట ఏకామ్రయ్యకు నచ్చింది. ఆ పూట నుంచే ఇద్దరూ పనిలో పడ్డారు. కామసాని దవనం, మరువం కోసి నీడన ఆరబెట్టి, మెత్తటి నూలుగుడ్డలో పోసి, దిండు కింద పెట్టుకునే చిన్న సంచి కుట్టింది. వట్టివేళ్ళతో విసనకర్ర అల్లింది. మునగాకు వేసి వెన్న కాచి, ఆ నెయ్యి ముంతకు ఎత్తింది. కరివేపాకు దోరగా వేయించి పొడి కొట్టింది. రోకటి పోటు ఏకామ్రయ్యది. విందు రోజు పొద్దున్నే పుదీనా, కొత్తిమీర, తులసి కోసి, అరటినారతో కట్టలు కట్టింది. అన్నీ వెదురుబుట్టలో సర్ది భర్త చేతికిస్తుంటే ఆమె వేళ్ళు ఇంకా ఆకుపచ్చగానే ఉన్నాయి.

"ఆ నెయ్యి వేసుకుని పొడి కలుపుకోమని చెప్పండి. వేడన్నంలోనే సుమా" అన్నది.

కోటలో మామిడి తోరణాలు కట్టారు. రాజుగారి మేనమామ రుద్రపాలుడు పక్క రాజ్యం నుంచి విందుకు వచ్చి ఉన్నాడు. ఆయనా రాజే. పెద్దవాడు, భోజనప్రియుడు. ఆయన ముందు తన వైభవం చూపించుకోవాలని ఉద్దండవర్మ ఉబలాటపడుతున్నాడు.

హారాలు వచ్చాయి, కంకణాలు వచ్చాయి, బంగారు ఏనుగు బొమ్మ వచ్చింది. చివరికి ఏకామ్రయ్య బుట్ట వచ్చింది. పుండరీకుడు గుడ్డ తొలగించి, ముక్కు చిట్లించాడు.

"ఇవి ఆకులు ప్రభూ. మేకలు తినేవి."

"మా ఇంటావిడ తన చేత్తో చేసింది ప్రభూ. ఇవి తమ ఖజానాలో లేవు" అన్నాడు ఏకామ్రయ్య.

రాజు మేనమామ వైపు ఓరగా చూశాడు. ఆయన ఎదుట ఇలాంటి కానుక రావడం తలవంపుగా తోచింది. కాలి బొటనవేలితో బుట్టను అవతలికి నెట్టాడు. దవనపు సంచి దొర్లి నేల మీద పడింది.

"నా ఖజానాలో చెత్త కూడా లేదు. అదీ తెస్తావా? ఈ రోజు నా విందులో ఈ ఆకూ అలమూ కనపడటానికి వీల్లేదు."

ఏకామ్రయ్య వంగి సంచి తీసి దుమ్ము దులిపాడు. తనను ఎన్ని అన్నా పడేవాడే. కానీ ఆ సంచి కుట్టిన వేళ్ళు కళ్ళ ముందు మెదిలాయి. సరిగ్గా అప్పుడే వంటశాల వైపు నుంచి కరివేపాకు వేగుతున్న వాసన తేలివచ్చింది. ఆయన తల ఎత్తాడు.

"చిత్తం ప్రభూ. ఒక్క సందేహం. పెరటి ఆకు ఒక్కటే పనికిరాదా, ఏ ఆకైనా అంతేనా?"

"ఏ ఆకైనా ఆకే. మెరిసేది ఉండాలి, లేనిది పోవాలి. నువ్వే దగ్గరుండి అన్నీ తీయించు."

"నా మాట కింది వాళ్ళు వింటారా ప్రభూ?"

రాజు విసుగ్గా వేలి ముద్రికను ఊడదీసి ఆయన చేతిలో పడేశాడు. ఏకామ్రయ్య దాన్ని వేలికి తొడుక్కుని, బుట్ట చంకన పెట్టుకుని, తిన్నగా వంటశాలకు నడిచాడు.

వంటల పెద్ద వీరబొమ్మయ్య గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏకామ్రయ్య ఆజ్ఞ చెప్పాడు. కరివేపాకు పోవాలి. కొత్తిమీర పోవాలి. తోటకూర పప్పు, గోంగూర, మెంతికూర పులుసు పక్కన పెట్టాలి. అరటాకులు, తమలపాకులు, గుమ్మాల తోరణాలు, పూలదండల్లో మరువం, అన్నీ పోవాలి.

"కరివేపాకు లేకుండా చారా అయ్యా? నన్ను ఉద్యోగం మానుకోమనండి, మానుకుంటాను" అన్నాడు వీరబొమ్మయ్య.

ఏకామ్రయ్య ఉంగరం చూపించాడు. వీరబొమ్మయ్య గరిటె కింద పెట్టాడు.

"అన్నిటినీ వెనక వసారాలో పెట్టి తడిగుడ్డలు కప్పు. వాడిపోనీయకు. తీసేయమన్నారు గాని, ఎంతసేపు తీసేయమన్నారో చెప్పలేదు."

అంతదాకా బాగానే నడిచింది. పంక్తికి గంట కొట్టేసరికి మాత్రం ఏకామ్రయ్యకు భయం పట్టుకుంది. రాజుగారికి నవ్వు వస్తే సరే. కోపం వస్తే పోయేది కొలువు ఒక్కటే కాదు. అయినా వెళ్ళి గుమ్మం దగ్గర తన పీట మీద కూర్చున్నాడు.

అరటాకులు లేవని తెలిసి పుండరీకుడు ఖజానా నుంచి బంగారు పళ్ళేలు తెప్పించి పరిపించాడు. రాజు మొహం వెలిగిపోయింది.

"చూశావా మామా, నా విందులో మెరవనిది లేదు" అన్నాడు.

"కళ్ళు చెదురుతున్నాయి అల్లుడూ. వడ్డించమను, ఆకలేస్తోంది" అన్నాడు రుద్రపాలుడు.

పొగలు కక్కే అన్నం వడ్డించారు. క్షణంలో పళ్ళేలు పట్టుకోలేనంత వేడెక్కాయి. పళ్ళేన్ని దగ్గరికి జరుపుకోబోయిన రుద్రపాలుడు చెయ్యి వెనక్కి తీసుకుని వేళ్ళు ఊదుకున్నాడు. పంక్తి పొడుగునా అందరూ వేళ్ళు ఊదుకుంటున్నారు. పుండరీకుడైతే చేతిని ఉత్తరీయంలో దాచుకున్నాడు.

పప్పు వచ్చింది, అందులో ఆకుకూర లేదు. చారు వచ్చింది, పొగ వస్తోంది గాని వాసన రావడం లేదు. మజ్జిగపులుసు తెల్లగా, మూగగా పళ్ళెంలోకి జారింది. రుద్రపాలుడు ఒక ముద్ద నోట పెట్టుకుని చాలాసేపు నమిలాడు.

"మీ వంటవాడికి ఒంట్లో బాగాలేదా అల్లుడూ?" అని మెల్లగా అడిగాడు.

రాజు కూడా ఒక ముద్ద తిన్నాడు. రెండోది తినలేదు. మొహాన చెమట పట్టింది.

ఎలాగో భోజనాలు అయ్యాయనిపించుకుని చేతులు కడుక్కున్నారు. తాంబూలం వచ్చింది. బంగారు పళ్ళెంలో వక్కలు ఉన్నాయి, సున్నం ఉంది. రుద్రపాలుడు వక్క ఒక చేతిలో, సున్నం ఇంకో వేలి కొసన పట్టుకుని అటూ ఇటూ చూశాడు.

"అల్లుడూ, దీన్ని దేంట్లో చుట్టుకోమంటావు?"

గుమ్మం దగ్గర నుంచి ఏకామ్రయ్య లేచి చేతులు జోడించాడు.

"కోశాధికారిగారిని అడగండి మహారాజా. పలచటి బంగారు రేకు ఒకటి ఇప్పిస్తారు. కాస్త గట్టిగా నమలాలి, అంతే."

రుద్రపాలుడికి నవ్వు ఆగలేదు. ఉద్దండవర్మకు మాత్రం అప్పుడే సంగతి అర్థమవసాగింది.

"ఏమిటిది ఏకామ్రయ్యా?"

"తమ ఆజ్ఞ ప్రభూ. ఏ ఆకైనా ఆకే అన్నారు. గుమ్మం తోరణం దగ్గర నుంచి తాంబూలం దాకా ఒక్కటి వదల్లేదు. బంగారాన్ని మాత్రం ఎవరూ కదిలించలేదు. అది ఉన్నది ఉన్నట్టే ఉంది."

పుండరీకుడు లేచాడు. "రాజుగారి విందు పాడుచేశాడు. ఇది ద్రోహం ప్రభూ, శిక్షించాలి."

"ఆకులు మేకల మేత అని సెలవిచ్చింది తమరే కదండీ. మనుషుల పంక్తిలో మేకల మేత ఎలా వడ్డించనిస్తాను?" అన్నాడు ఏకామ్రయ్య.

సభ బిగుసుకుపోయింది. రాజు ఎదురుగా ఉన్న బంగారు పళ్ళేన్ని, అందులో చల్లారిపోయిన అన్నాన్ని చూశాడు. మేనమామ చేతిలోని వక్కను చూశాడు. కాలిన వేలిని ఇంకా ఊదుకుంటున్న కోశాధికారిని చూశాడు. పెదవులు బిగించుకున్నాడు గాని లాభం లేకపోయింది. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆపైన నవ్వు గోడలకు తగిలేలా బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వాడు.

"ఆ బుట్ట పారేశావా?" అని అడిగాడు చివరికి.

"వసారాలో ఉంది ప్రభూ. వంటవాళ్ళ ఆకులూ అక్కడే ఉన్నాయి."

"అన్నీ తెప్పించు. మళ్ళీ వండించు. ఈ పళ్ళేలు తీసేయండి."

వీరబొమ్మయ్య మనుషులు పరుగులు తీశారు. కాసేపటికి చారు పోపు ఘుమఘుమ కోటంతా కమ్ముకుంది. అరటాకులు పడ్డాయి. ఈసారి ఎవరి పీట ఎక్కడని ఎవరూ అడగలేదు. రాజు ఏకామ్రయ్యను చెయ్యి పట్టుకుని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వేడన్నంలో కరివేపాకు పొడి వేసి, మునగాకు నెయ్యి పోసి కలుపుకున్నాడు. మొదటి ముద్ద మెల్లగా నమిలాడు. రెండో ముద్దకు కళ్ళు మూసుకున్నాడు. రుద్రపాలుడు మేనల్లుడి ముందున్న నెయ్యి ముంతను తన వైపు జరుపుకున్నాడు.

"ఇది నా ఖజానాలో లేదు. నువ్వే గెలిచావు" అన్నాడు రాజు. "కాలితో నెట్టడం నా తప్పు. మీ ఇంటావిడకు ఆ మాట చెప్పు. కోట వెనక కాలవ పక్క తోట ఇక ఆమెది. నీకేం కావాలో అడుగు."

ఏకామ్రయ్య ముద్రిక తీసి రాజు చేతిలో పెట్టాడు.

"వచ్చే ఏడు నుంచి ఎవరి కానుక వాళ్ళు తమ చేత్తో చేసి తేవాలి ప్రభూ. ఎవరికి నచ్చిన పీట మీద వాళ్ళు కూర్చోవాలి."

"సరే. ఇంకా?"

"ఒక రోజు తమరు మా ఇంటికి భోజనానికి రావాలి. వచ్చేటప్పుడు ఆ నియమం తమకూ వర్తిస్తుంది."

రుద్రపాలుడు మళ్ళీ నవ్వాడు. రాజు కాదనలేకపోయాడు.

అన్నట్టుగానే ఒక పగటిపూట ఉద్దండవర్మ ఏకామ్రయ్య ఇంటికి వచ్చాడు. చేతిలో చిన్న మట్టి జాడీ ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తానే పట్టుకొచ్చి కామసాని ముందు పెట్టాడు.

"కొత్తిమీర పచ్చడి తల్లీ. నేనే కోశాను, నేనే నూరాను" అన్నాడు. కుడి అరచేతిలో రోకటి బొబ్బ ఎర్రగా కనపడుతోంది.

కామసాని చేతులు కడుక్కుని వచ్చి, పచ్చడి కొంచెం తీసి నాలిక మీద వేసుకుంది. రాజు ఊపిరి బిగబట్టాడు. వెనక నిలబడ్డ ఏకామ్రయ్య, బాగుందని చెప్పమని భార్యకు కళ్ళతో సైగ చేశాడు. ఆమె ఆ సైగను చూడలేదు, లేదా చూడనట్టు ఊరుకుంది.

"ఉప్పు కాస్త ఎక్కువైంది ప్రభూ. చెయ్యి తిరగాలి. వచ్చేసారికి కుదురుతుంది లెండి."

పుట్టిన దగ్గర నుంచి ఆ రాజుకు అలా చెప్పినవాళ్ళు లేరు. ఆయన ఒక్క క్షణం నివ్వెరపోయి, పెరటి పిట్టలు లేచిపోయేంత గట్టిగా నవ్వి, పీట లాక్కుని కూర్చున్నాడు.

"అయితే వచ్చేసారి ఎప్పుడో ఇప్పుడే చెప్పు తల్లీ" అన్నాడు.