భిక్షంగౌడ్ పరుపు

విదేశీ డాక్టర్ల జీపు సూర్యాపేట దాటిందని ఫోను వచ్చేసరికి విద్యాధర్ వార్డులోకి పరుగెత్తాడు.

పొద్దున భిక్షంగౌడ్‌ను పక్కకు తిప్పినప్పుడు నడుము కింద నల్లటి మచ్చ కనబడింది. పడకపుండు. అంచులు మెత్తబడి వాసన వస్తోంది.

భిక్షం కల్లు గీయడానికి తాళ్లెక్కే మనిషి. నిరుడు మోకు జారి చెట్టు మీంచి పడ్డాడు. వెన్ను విరిగింది. నడుము కింద నిప్పు పెట్టినా ఇప్పుడతనికి తెలియదు.

ఆ చిన్న ఆసుపత్రిలో పెద్ద డాక్టరమ్మ ఎస్తేరు. విద్యాధర్ ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర డాక్టరు. వారం వారం ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని జపాను, కెన్యా, బ్రెజిల్ డాక్టర్లతో మాట్లాడతారు. పడకపుళ్లు రాకుండా ఎవరేం చేశారు, వస్తే ఎలా మాన్పారు, ఎక్కడ దెబ్బతిన్నారు, అన్నీ దాపరికం లేకుండా చెప్పుకోవడమే అక్కడి పని. భిక్షం కింద ఉన్న మెత్తటి పరుపు జపాను వాళ్లు పంపిందే.

పోయిన వారం విద్యాధర్ వాళ్లందరి ముందూ ఛాతీ విరుచుకుని చెప్పాడు, "మా వార్డులో ఒక్క పుండు కూడా లేదు" అని. వాళ్లలో ఇద్దరు ఇవాళ ఆ వార్డు చూడ్డానికి వస్తున్నారు.

ఆ పరుపు ప్లాస్టిక్ కవరు తియ్యనివ్వనిది కూడా అతనే. మాసిపోతుందట. ఖరీదైన వస్తువు పాడవుతుందంటే మనకుండే భయం మనిషి పాడవుతాడంటే ఉండదు. నడి ఎండాకాలంలో ఆ కవరు మీద భిక్షం తన చెమటలో తానే నానాడు.

"ఇతన్ని వెనక గదిలోకి మార్చండి," అన్నాడు నర్సుతో. "వాళ్లు సాయంత్రానికి వెళ్లిపోతారు. పుండు సంగతి తర్వాత చూద్దాం."

భిక్షం తల తిప్పాడు. "నన్నెందుకు దాస్తున్నవ్ సారూ? పెండ్లిచూపులకు వస్తున్నరా?"

గుమ్మంలో ఎస్తేరమ్మ నిలబడి ఉంది.

ఆమె వచ్చి పుండు చూసింది. "ఇది ఎముక దాకా పోతే?"

"ఒళ్లంతా విషం ఎక్కుతుందమ్మా."

"ఆపరేషన్ చేసి దీన్ని కండతో కప్పగలిగింది ఎవరు?"

"కెన్యా డాక్టరు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"ఆ వస్తున్న జీపులో."

ఆమె బొడ్లోంచి తాళాలగుత్తి తీసి ఇనప స్టూలు మీద పెట్టింది.

"దీని మీద కూర్చో. నేను చెప్పేదాకా కదలకు."

కూర్చున్నాడు. ఆమె పుండు కడగడం మొదలుపెట్టింది. తొందర లేదు. అతని నుదుటి మీద చెమట పట్టింది. గేటు దగ్గర హారన్ మోగింది. అతను పక్కకు జరిగాడు.

"ఎందుకు కదిలావు?" తల తిప్పకుండానే అడిగింది.

"గుచ్చుకుంటోందమ్మా."

"భిక్షానికి గుచ్చుకోదు. అందుకని కదల్లేదు." తడి దూది పళ్లెంలో పడేసింది. "నీకు పొద్దుట్నుంచీ గుచ్చుకుంటూనే ఉంది. నువ్వెందుకు కదల్లేదు?"

జీపు తలుపులు మూసిన చప్పుడు వినిపించింది.

విద్యాధర్ లేచాడు. మంచం చక్రాల బ్రేకు కాలితో తన్ని, తనే తోసుకుంటూ వెలుతురున్న ముందు వరండాలోకి తెచ్చాడు. మెట్లెక్కుతున్న ఇద్దరు డాక్టర్లకు నమస్కారమైనా పెట్టకుండా ఇంగ్లీషులో చెప్పాడు. "పోయిన వారం గొప్పలు చెప్పాను. ఈ పుండు నావల్ల వచ్చింది. కవరు తియ్యనివ్వలేదు."

జపాను డాక్టరమ్మ వంగి పరుపు అంచు తడిమింది. కెన్యా డాక్టరు పుండునూ, ప్లాస్టిక్కునూ మార్చి మార్చి చూశాడు.

"మాకు మొదటి పరుపు వచ్చినప్పుడు మేమూ తియ్యలేదు," అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

"ఏమంటుండు సారూ?" అన్నాడు భిక్షం.

విద్యాధర్ ఎస్తేరమ్మ వైపు చూశాడు.

మంచం వెనకే వచ్చిన ఆమె, స్టూలు మీంచి తీసిన తాళాలగుత్తిని బొడ్లో దోపుకుంటోంది.

"కవరు తియ్యి," అంది.