తల దించని కాపు

అనగనగా ఒక అడవి. ఎండాకాలం వస్తే అక్కడి వాగులు ఇసుక కిందకు వెళ్లి దాక్కునేవి. ఆ అడవిలో కణుజుల మంద ఒకటి ఉండేది. కణుజులంటే తెలుసుగా పిల్లలూ, జింక జాతిలో పెద్దవి, గుర్రమంత ఉంటాయి. ఆ మందకు ఈరమ్మ అనే ఆడ కణుజు పెద్ద.

ఆ మందలో ఒక ఆచారం ఉండేది. అందరూ మేసేటప్పుడూ, నీళ్లు తాగేటప్పుడూ పెద్దమ్మ కాపు నిలబడాలి. కాపు నిలబడ్డది తల దించకూడదు, నిలబడ్డ చోటు నుంచి కదలకూడదు. అందరి కడుపులూ నిండాక మిగిలింది ఆమె తినాలి. మిగిలేదేముంది? తొక్కిన గడ్డి, బురద నీళ్లు. ఒక్కోనాడు అవీ ఉండేవి కావు.

"మా పెద్దమ్మకు ఆకలే వెయ్యదు" అని మంద గొప్పగా చెప్పుకునేది. వినగా వినగా ఈరమ్మ కూడా అది నిజమే అనుకుంది.

ఇంకో సంగతి. ఆ మందలో ఏ పెద్దమ్మా ముసలితనం దాకా బతకలేదు. ఈరమ్మ తల్లి బతకలేదు. ఆ తల్లి తల్లీ బతకలేదు. అందరినీ పులే ఎత్తుకుపోయింది. "మన పెద్దమ్మల రాత అంతే" అనుకుని మంద ఊరుకునేది.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. కొండ కింద ఒక్క మడుగే మిగిలింది. మంద అక్కడ నీళ్లు తాగుతోంది. ఈరమ్మ గట్టు మీద నిలబడి ఉంది. గోరింక ఒకటి వచ్చి ఆమె వీపు మీద వాలింది.

"ఈరక్కా, కాస్త తల దించవే. నీ చెవుల వెనక పిడుదులు ఆముదం గింజల్లా ఉబ్బి ఉన్నాయి. అందరికీ ఏరాను, నీకే ఏరలేదు."

"కాపు తల దించదు. నీకు తెలీదా?"

"తెలుసులే. మీ అమ్మకు చెప్పీ చెప్పీ మా అమ్మ గొంతు బొంగురుపోయింది. నీ రక్తమంతా అవే తాగేస్తున్నాయే!"

"పోనీలే. ఆడదానికి ఆ మాత్రం ఓర్పు ఉండాలి."

"ఓర్పు నీది, విందు వాటిది!" అని గోరింక విసుక్కుని ఎగిరిపోయింది.

అప్పుడే గాలిలో పులి వాసన వచ్చింది. ఈరమ్మ కాలు నేలకేసి కొట్టి "ఢాంక్!" అని అరిచింది. మంద ఒక్క ఊపున కొండెక్కింది. ఈరమ్మ అందరికంటే వెనక పడింది. మోకాళ్లు వణుకుతున్నాయి. ఇక అయిపోయింది అనుకుంది.

కానీ పులి తరమలేదు. రెల్లుగడ్డిలో పడుకునే ఉంది. అది ఆడపులి.

"ఎందుకే ఈరమ్మా ఆయాసం?" అంది పులి ఆవలిస్తూ. "నేను కడుపునిండా తిన్నాను, కంటినిండా నిద్రపోయాను. నాకేం తొందర లేదు. మీ అమ్మను మా అమ్మ తిన్నది. మీ అమ్మమ్మను మా అమ్మమ్మ తిన్నది. వాళ్లూ వేటాడలేదు. మీ ఆచారం తన పని తాను చేసుకుపోతుంది. మేం ఎదురుచూస్తే చాలు."

ఆ మాట ఈరమ్మ గుండెలో ముల్లులా దిగింది. కానీ దానికి ఆమె చేసిందేమిటి? కాపు ఇంకా గట్టి చేసింది. మధ్యాహ్నం తీసే కునుకు మానేసింది. తినే ఆ నాలుగు పరకలూ మనవరాలు పిందెకు వదిలేసింది. మోకాళ్లు నొప్పి పుడితే పళ్లు బిగించింది. ఎవరికీ చెప్పలేదు.

రెండోసారి పులి నడిమధ్యాహ్నం వచ్చింది. ఈరమ్మ కాపులోనే ఉంది. తల ఎత్తే ఉంది. కానీ కళ్లముందు నల్లటి చుక్కలు తిరిగాయి. చెవుల్లో హోరు. ఆ హోరులో గడ్డి కదిలిన చప్పుడు వినబడలేదు.

"అమ్మమ్మా!"

పిందె అరుపు. పులి పంజా ఆ పిల్ల తొడ మీద గీసుకుపోయింది. పిందె ఎలాగో విదిలించుకుని రాళ్లలో పడి పరుగెత్తింది. మంద చెల్లాచెదురైంది.

కొండమీద అందరూ కూడుకున్నాక ఈరమ్మ కూతురు తంగేడు తల్లి ఎదుట నిలబడింది.

"అమ్మా, నీకేమైంది?"

"ఏమీ కాలేదు. ఎండ."

"ఎండ కాదు, దాని మొహం!" అని పైనుంచి గోరింక కేకేసింది. "ఆమెకు ఒంట్లో రక్తం లేదు. తిండి లేదు, నిద్ర లేదు. కాళ్లు కొయ్యబారిపోయాయి. అడగండి, చెబుతుందేమో!"

తంగేడు కళ్లలో నీళ్లు తిరిగాయి. "రేపటి నుంచి నువ్వే ముందు తాగాలి."

"నేను తల దించితే మందను ఎవరు చూస్తారే?"

"ఇవాళ నువ్వు చూశావా? నీ కళ్లు తెరిచి ఉన్నాయి, అంతే."

ఈరమ్మ తమ్ముడు కొమ్ములయ్య గొంతు సవరించుకున్నాడు. "ఏమే తంగేడూ, తాతల నాటి ఆచారమే అది. పెద్దమ్మ ముందు తాగితే మన పరువేం కాను?"

"అలాగే మామా. ఆచారం నువ్వే నిలబెట్టు. రేపు నువ్వు కాపు ఉండు, చివర తాగు."

కొమ్ములయ్య దగ్గాడు. "నాకు... కొమ్ముల బరువు కదమ్మా" అన్నాడు. మందలో కుర్రవాళ్లు కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఆయన ఆచారం మాట ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారగానే మంద మడుగు దగ్గరకు వెళ్లింది. గట్టు మీద తంగేడు ఒకవైపు, కొమ్ములయ్య ఒకవైపు కాపు నిలబడ్డారు. ఈరమ్మ నీటి అంచుకు వచ్చి ఆగింది. ఎదుటి రెల్లుగడ్డిలో రెండు కళ్లు మెరుస్తున్నాయి. ఆమె మెడ వంగనంటోంది. పిందె గాయపడిన కాలు ఈడ్చుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

"తాగు అమ్మమ్మా. మేం చూస్తున్నాం."

ఈరమ్మ తల దించింది. తేట నీళ్లు ఎలా ఉంటాయో ఆమె మరిచేపోయింది. కడుపారా తాగింది. గోరింక వచ్చి చెవుల వెనక పని మొదలుపెట్టింది. రెల్లుగడ్డిలో పులి లేచి కూర్చుంది.

ఒక్కనాటితో ఒళ్లు బాగుపడుతుందా? పడదు. రోజూ పొద్దున్నే మేత. దాహం వేసినప్పుడల్లా నీళ్లు. పిందెను వెంటబెట్టుకుని మెల్లగా కొండెక్కి దిగడం. మధ్యాహ్నం వెదురు నీడలో నిద్ర. ఎక్కడ నొప్పి పుట్టినా గోరింకకు చెప్పడం. మొదట్లో ఈరమ్మకు సిగ్గేసేది. తర్వాత ఆకలి వేయడం మొదలైంది. తనకూ ఆకలి ఉందని తెలిసి ఆమే నవ్వుకుంది.

ఈలోగా మడుగు ఎండి మూకుడంత అయింది. పులికి కూడా వేట దొరకడం లేదు. ఈసారి అది ఎదురుచూడటానికి రాలేదు. ఈరమ్మను చంపడానికే వచ్చింది. గాలికి ఎదురుగా, కాపు ఉన్న తంగేడు వెనకవైపు నుంచి పాకింది.

నీడలో నిద్రలేచి నెమరు వేస్తున్న ఈరమ్మ చెవులు గడ్డి కదిలిన చప్పుడుకు నిక్కాయి.

"ఢాంక్!"

మంద ఎడమకు దూకింది. పులి మందను వదిలేసి ఈరమ్మ మీదకే వచ్చింది. ఈరమ్మ కుడికి తిరిగి కొండ ఎక్కింది. రాళ్లు జారుతున్నాయి. పులి ఊపిరి తోకకు తగులుతోంది. ఈసారి మోకాళ్లు వణకలేదు. ఎదురుగా లోతైన వాగు గండి వచ్చింది. ఆగితే పులి, పడితే రాళ్లు. ఈరమ్మ ఆగలేదు. ఒళ్లంతా కూడదీసుకుని ఎగిరింది. ముందు కాళ్లు అవతలి గట్టు మీద పడ్డాయి. వెనక కాలు ఒకటి జారింది. మట్టి విరిగి పడింది. ఒక్క తన్ను తన్ని పైకి వచ్చింది.

పులి గండి ఇవతలే ఆగిపోయింది. రొప్పుతూ అడిగింది.

"మీ అమ్మ సగం కొండ కూడా ఎక్కలేదట. నువ్వెలా వచ్చావే?"

"మా అమ్మ చివర తాగింది" అంది ఈరమ్మ.

పులి తోక ఈడ్చుకుంటూ వెనక్కి తిరిగింది. ఆ వేసవిలోనే వేరే అడవి చూసుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఎన్నో వానలు కురిశాయి. పిందె పెద్దదై తల్లి అయింది. పిందె కూన ఒకనాడు ఈరమ్మ మొహంలోకి వింతగా చూసింది.

"ముత్తవ్వా, నీ మూతి చుట్టూ ఆ తెలుపేమిటి? జబ్బా?"

"జబ్బు కాదే పిచ్చిదానా, ముసలితనం. మన పెద్దమ్మల్లో ఇది చూసినవాళ్లు లేరు. దగ్గరకొచ్చి బాగా చూడు. నీకూ ఇది రావాలి."

నీతి: ఇంటిని కాచే ఆడమనిషి వేళకు తినాలి, నడవాలి, నిద్రపోవాలి, ఒంట్లో బాగోకపోతే దాచకూడదు. ఆమెను చివర తినమనే ఆచారం ఎంత పాతదైనా, దానివల్ల బాగుపడేది పులి ఒక్కటే.